తీరసీమయందు గృహనిర్మాణానుమతి

(మన సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



 విద్యయందును వయస్సునందును మాకంటె పెద్దలనేకులీ వేదికపై నాసీనులై యున్నారు. వారి యెదుట మాట్లాడుటకు మాకుగల యర్హత స్వల్పము. మేము చెప్పబోవు విషయము పుస్తకములు చదివి నేర్చినది గాదు. మా యింటి గోడలు సగములో నిలిచిపోగా, ఆ గోడల నీడను గూర్చుండి నేర్చినది. అందుచేతనే చెప్పుటకు సాహసించుచున్నాము.

ప్రతి సంవత్సరమును మన సభలలో బాలబాలికల విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, మద్యపానమువలని యనర్థములను గూర్చియు, వలలకును పడవలకును కావలసిన ఋణములను గూర్చియు తీర్మానములు గావించుచున్నాము. అవి యన్నియు నవసరములే. కాని మనము తలదాచుకొను నింటిని గూర్చి యెన్నడును తీర్మానించి యెఱుగము. తీరమందు ఇల్లు కట్టుకొనుట మనకు ఊపిరి పీల్చుటవంటిదనియు, అందుకు ఒకరి యనుమతి యేలనియు మన తలంపు. "సముద్రము మన తల్లి. తల్లి యొడిలో గూర్చుండుటకు అర్జీ పెట్టుకొందుమా?" యని మా పినతండ్రిగారు పలుమాఱు లనుచుండెడివారు. ఆ మాట వినుటకు సొంపుగానే యుండును. ఐనను, ఆ మాటను నమ్ముకొని మన పల్లెలలో ఎన్ని కుటుంబములు తమ సొంత పునాదులపై తామే ఆక్రమణదారులని పిలిపించుకొనుచున్నవో, అది తలచుకొనిన మనస్సు కలతపడును.

ఈ నిర్బంధమెట్లు వచ్చినదో ముందుగా మనవి చేసెదము. 1981వ సంవత్సరము నవంబరు నెలలో నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీగారు తీర రాష్ట్రముల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాసి, పెద్దపోటువేళ సముద్రపునీరు తాకెడు గీతనుండి 500 మీటర్లవఱకు తీరమును కట్టడములు లేకుండ కాపాడవలసినదని కోరిరి. ఆ గీతను మనము సౌలభ్యముకొఱకు పోటుగీత యందము. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టము ననుసరించి 1991 ఫిబ్రవరి 19వ తేదీని కేంద్ర ప్రభుత్వమువారు తీరప్రాంత నియంత్రణ మండల ప్రకటనను వెలువరించిరి. దానిచే పోటుగీతనుండి 500 మీటర్లవఱకు గల భూమి నియంత్రణకు లోబడినది. అందు పట్టణములు గాక, పెద్దగా మార్పు చెందక పల్లెపట్టుగా మిగిలియున్న తీరమును మూడవ తరగతిగా నిర్ణయించిరి. మన పల్లెలలో ననేకము లీ తరగతిలోనివే.

ఈ మూడవ తరగతియందు పోటుగీతనుండి 200 మీటర్లవఱకు గల నేలను అభివృద్ధి నిషిద్ధ మండల మనిరి. అందు కొత్త కట్టడములు కూడవు. ఉన్న కట్టడమును బాగుచేసికొనవచ్చును గాని, అది అనుమతి పొందిన కట్టడమై యుండవలెను. 200 మొదలు 500 మీటర్లవఱకు గల నేలలో, వాడుకగా వచ్చుచున్న హక్కులకు లోబడి, మత్స్యకార గ్రామములలో ఇండ్లు కట్టుకొనవచ్చును. ఐతే ఎత్తు 9 మీటర్లు మీఱరాదు, రెండంతస్తులకు మించరాదు. 1996లో సుప్రీముకోర్టువారు ఈ ప్రకటనను రాష్ట్రములు సరిగ నమలు జరుపకుండుటను మందలించి, 1994లో గావించిన సడలింపులలో కొన్నిటిని కొట్టివేసిరి.

ఇచ్చట మీరొక్క పదమును గమనింప ప్రార్థించుచున్నాము. "అనుమతి పొందిన కట్టడము" అను పదము. మన తాతలు ఇండ్లు కట్టుకొన్ననాడు అనుమతి యను మాటయే లేదు. ఇసుకలో గుంజలు పాతి, మట్టిగోడ పెట్టి, తాటాకు కప్పినచో అది ఇల్లు. తుపాను వచ్చి యెగురగొట్టినచో మరల నదే తావున కప్పుకొనుటయే యాచారము. చట్టము వ్రాసినవారు మనలను వెడలగొట్టవలెనని తలంచినట్లు లేదు. మన పల్లెలను పేర్కొని హక్కును కూడ నిచ్చిరి. కాని ఆ హక్కును కాగితమున కట్టిపెట్టిరి. మనకు కాగితము లేదు. చిక్కంతయు నిక్కడనే యున్నది.

ఇక మా యింటి కథ. మా పల్లె విశాఖ తీరమందలి యొక చిన్న పల్లె. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను తీరము దాటినపుడు మా యిల్లు కప్పుతోసహ నేలమట్టమైనది. ప్రాణములు దక్కినవి గావున గంగమ్మతల్లికి మ్రొక్కు చెల్లించి, మరల ఇల్లు లేపుటకు మేమును మా యన్నగారును సిద్ధపడితిమి. ఈసారి తాటాకు వలదు, ఇటుకగోడలతో డాబా వేయుదమని మా యన్నగారు పట్టుపట్టిరి. వృద్ధురాలైన మా తల్లిగారి కోరికయు నదియే.

అనుమతి కావలెనని మాకెవరో చెప్పిరి. ఒక కార్యాలయమునకు బోయితిమి. దాని పేరు చెప్పుట మా యుద్దేశము గాదు. అచ్చటి గుమాస్తాగారు మా యర్జీ చదివి, "మీ పాత యిల్లు అనుమతి పొందినదేనా?" యని యడిగిరి. "మా తాతగారు కట్టిన యిల్లండి" యని మా యన్నగారు బదులు పలికిరి. "తాతగారు కట్టిరి, సరే. కాగితమేది?" యనిరి. మా యన్నగారు నా ముఖమును, నేను మా యన్నగారి ముఖమును చూచుకొంటిమి. పోటుగీతనుండి మీ తావెంత దూరమని యడుగగా దానికిని బదులు చెప్పలేకపోతిమి. కొలువగా 160 మీటర్లని పిమ్మట తేలినది. అనగా నిషిద్ధ మండలములోనే యుంటిమి.

ఆ తరువాత మేము చేసిన తప్పును దాచము. ఒక దళారి వచ్చి, "అనుమతి వచ్చినట్లే, పని మొదలుపెట్టుకొనుడు" అని చెప్పి సొమ్ము పుచ్చుకొనెను. మేము నమ్మితిమి. గోడలు కిటికీల యెత్తునకు లేచునప్పటికి నోటీసు వచ్చినది. పని నిలిచిపోయినది. దళారి మరల కనబడలేదు. రెండు వర్షకాలములు మా తల్లిగారు టార్పాలిను క్రింద, ఆ సగము గోడల నడుమ గడపిరి. ఇటుకలు నాచుపట్టినవి. ఇనుపచువ్వలు ఉప్పుగాలికి త్రుప్పుపట్టి పొరలుపొరలుగా రాలినవి.

ఒకనాడు మా తల్లిగారు తమ రేకుపెట్టెను తెఱచి, వలదారముతో కట్టిన యొక కట్టను మా చేతికిచ్చిరి. అవి పంచాయతీకి మా తండ్రిగారు చెల్లించిన ఇంటిపన్ను రసీదులు. కొన్ని చెదలు తిన్నవి; కొన్నిటిపై సిరా వెలిసినది. ఐనను 1991కి పూర్వపు రసీదు లనేకములు చదువుటకు వీలుగ నుండెను. మా తల్లిగారికి అక్షరము రాదు. సర్కారు ముద్ర యున్న కాగితమును పాఱవేయరాదని మాత్రము వారికి తెలియును. అక్షరములు నేర్చిన మేము పాత కాగితములను పొయ్యిలో వేసితిమి; అక్షరము రాని తల్లి వానిని ముప్పదియేండ్లు దాచినది.

ఆ రసీదులను, పాత వోటర్ల పట్టికను, విద్యుత్తు బిల్లులను, పంచాయతీ తీర్మానమును జతపఱచి మరల అర్జీ పెట్టితిమి. ప్రకటన వెలువడుటకు ముందే ఆ తావున మా యిల్లు పంచాయతీ లెక్కలలో నున్నదని రుజువైనది. పాత పునాది కొలతకు మించకుండ తిరిగి కట్టుకొనుటకు అనుమతి వచ్చినది. ఇల్లు పూర్తియైనది. గృహప్రవేశమునాటికి మా తల్లిగారు లేరు.

మహాజనులారా! ఈ కథను మీ సానుభూతికొఱకు చెప్పలేదు. అనుమతి యసాధ్యము గాదని చెప్పుటకును, ఆలస్యమునకు మూల్యమెంతటిదో చెప్పుటకును చెప్పితిమి.

ఇట్టి కష్టములు విని, "ఈ చట్టమే మనకు శత్రువు, దీనిని రద్దు చేయింపవలె" నని యువకులు కొందఱు పలుకుచున్నారు. వారి యావేశము మాకు తెలియనిది గాదు. మేమును ఒకప్పుడట్లే తలంచితిమి. కాని నిదానముగ విచారింపుడు. ఈ గీత చెఱిగిపోయినచో తీరమునకు ముందుగా వచ్చువారెవరు? మనమా? ధనవంతుల విశ్రాంతి గృహములును, పెద్ద కట్టడములును వచ్చును. వలలారబెట్టు ఇసుకదిబ్బకు ప్రహరీగోడ లేచును. చేపలెండబెట్టు మన యాడువారికి తావుండదు. పడవను ఒడ్డునకు లాగుటకు దారి నడుగవలసి వచ్చును. ఈనాడు మన యింటిని నిలిపిన గీతయే ఆ గోడలను కూడ నిలుపుచున్నది.

మఱియు సముద్రము తల్లియైనను, తల్లికిని కోపము కలదు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెనలో పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. 2004 డిసెంబరు 26వ తేదీని సునామీ మన తీరమును గూడ తాకినది. ఉప్పాడయందు సముద్రము ఏటేట ఇండ్లను కోసికొనిపోవుచుండుట మీరెఱిగినదే. నీటియంచున ఇల్లు వలదను నియమములో మన మేలు కూడ కొంత యిమిడి యున్నదని యొప్పుకొనక తప్పదు.

మనము గట్టిగ పలికిననాడు ప్రభుత్వము వినకపోలేదు. 2008లో తీరమండల నిర్వహణమను పేర నూతన ముసాయిదా వెలువడగా దేశమందలి మత్స్యకారులు ప్రతిఘటించిరి. ఆచార్య ఎం. ఎస్. స్వామినాథన్ గారి యధ్యక్షతన నియమింపబడిన సంఘము దానిని విడిచిపెట్టవలసినదని సిఫారసు చేసెను. 2009లో ఆ ముసాయిదా కాలదోషము పట్టి పోయినది. తరువాత 2011 జనవరి 6వ తేదీని వెలువడిన ప్రకటనలో మన జీవనభద్రత ఒక యుద్దేశముగా వ్రాయబడినది. 100 మొదలు 200 మీటర్ల నడుమ సంప్రదాయ తీరవాసుల ఇండ్లకు, రాష్ట్ర ప్రభుత్వము సమగ్రమైన ప్రణాళిక తయారుచేసినచో, అనుమతి నీయవచ్చు ననిరి. 1991 ప్రకటన ప్రకారము కట్టుకొనదగినవై, లాంఛనముగ ననుమతి పొందని మన ఇండ్లను క్రమబద్ధము చేయవచ్చు ననిరి. ప్రతి జిల్లాలోను కలెక్టరుగారి యధ్యక్షతన నేర్పడు సంఘమునందు తీరవాసుల ప్రతినిధులు ముగ్గురైనను ఉండవలె ననిరి.

2019 జనవరి 18వ తేదీ ప్రకటనలో పల్లెపట్టు తీరమును రెండుగా విభజించిరి. 2011 జనాభా లెక్కలనుబట్టి చదరపు కిలోమీటరునకు 2161 మందికి మించి జనులున్నచోట నిషిద్ధ మండలము 50 మీటర్లు. తక్కిన చోట్ల 200 మీటర్లు. సొంత నివాసమునకై 300 చదరపు మీటర్లకు మించని ఇంటికి రాష్ట్ర తీరమండల సంస్థ సిఫారసు లేకయే స్థానికాధికారులు, నియమములను పరిశీలించి, అనుమతి నీయవచ్చును. ఐతే ఈ కొత్త ప్రకటన ప్రకారము తయారైన పటము ఆమోదింపబడువఱకు పాత పటమే వర్తించును. కావున అర్జీ వ్రాయుటకు ముందే, మా పల్లెకు నేడే పటము వర్తించుచున్నదని విచారించి తెలిసికొనవలెను.

పంచాయతీ కాగితమొక్కటి యున్నచో చాలునని తలంచువారికొక హెచ్చరిక. కేరళమందలి మరడు అను చోట నాలుగు బహుళాంతస్తుల సముదాయములు స్థానిక పంచాయతీ యనుమతితోనే లేచినవి. తీరమండల నియమములకు విరుద్ధములని సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పగా, 2020 జనవరి 11, 12 తేదీలలో వానిని మందుపెట్టి కూల్చివేసిరి. అందు నివసించినవారు విద్యావంతులు, ధనవంతులు. వారికే తప్పని గతి మనకు తప్పునా? స్థానికాధికారి యనుమతి యీయవలెనన్నను ప్రకటనను చూచియే యీయవలెను. మనమును దానిని చూచియే తీసికొనవలెను.

ఇక మనము చేయదగిన పనులను క్లుప్తముగ విన్నవించెదము.

మొదటిది. ప్రతి కుటుంబమును తన యింటి కాగితములను నేడే వెదకి యొకచోట చేర్చవలెను. ఇంటిపన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు, రేషనుకార్డు, వోటర్ల పట్టిక నకలు, పాత ఛాయాచిత్రములు, వీనిలో ఏదియు చిన్నది గాదు. 1991కి ముందటి తేదీ గల కాగితము బంగారముతో సమానము. నకళ్లు సంఘ కార్యాలయమున భద్రపఱచుటకు ఒక పెట్టెను, ఒక చిట్టాను ఏర్పఱచవలెను.

రెండవది. తీరమండల పటము తయారగునపుడు ముసాయిదాను ప్రజలకు చూపి, అభ్యంతరములు స్వీకరించి, బహిరంగ విచారణ జరుపవలెనను నియమము కలదు. 2011 ప్రకటన ననుసరించి మత్స్యకార గ్రామములను, చేపలెండబెట్టు తావులను, మన యుమ్మడి స్థలములను సర్వే నెంబర్లు తెలియు పెద్ద పటములపై గుర్తింపవలెను. పెరుగుచున్న కుటుంబములకు మున్ముందు కావలసిన ఇండ్లకు ప్రణాళిక వేయవలెనని కూడ అందు గలదు. విచారణ దినమున మనము వేటకు బోయియున్నచో మన పల్లె పటముపై నుండదు. పటముపై లేని పల్లెకు అనుమతి యేమని యిత్తురు? ఆ దినమున పల్లెకు పదిమందియైనను వల విడిచి సభకు పోవలెను.

మూడవది. ఇల్లిల్లు విడివిడిగ తిరుగుటకంటె, పల్లె మొత్తమునకు ప్రణాళిక కావలెనని పంచాయతీ తీర్మానముతో కోరుట మేలు. మన కులమందలి ఇంజనీర్లును, న్యాయవాదులును సంవత్సరమునకు రెండు దినములు పల్లెల కిచ్చినచో, పోటుగీతనుండి దూరము కొలిచి, అర్జీలు వ్రాసిపెట్టవచ్చును. ఇది ద్రవ్యదానముకంటె తక్కువ దానము గాదు. కులపోషకులగు దాతలు, భోజనవసతి సత్రములతోపాటు, ఈ కొలతల ఖర్చును కూడ భరింప ప్రార్థితులు.

నాలుగవది. అనుమతి చేతికి రాక మునుపు ఒక్క ఇటుకయైనను పేర్చరాదు. దళారి మాటను నమ్మరాదు. ఇది మా తల్లిగారి రెండు వర్షకాలముల వెలకు మేము కొన్న బుద్ధి.

చివర నొక కఠినమైన మాట. క్షమింపుడు. 2011 ప్రకటనలో మన ఇండ్లను క్రమబద్ధము చేయుటకు రెండు షరతులు గలవు. ఆ యిండ్లను వాణిజ్యమునకు వాడరాదు. తీరవాసులు గానివారికి అమ్మరాదు, బదలాయింపరాదు. ఈ షరతులను చూచి మనలో కొందఱు ముఖము చిట్లించుచున్నారు. పైవారు లక్షలు చూపగా, కుమార్తె వివాహమునకనియో, అప్పునకనియో, సముద్రమువైపు స్థలమును అమ్మి, పిమ్మట అదే స్థలమున కావలివాండ్రుగా నిలిచినవారు మన యెఱుకలో లేరా? వారి కష్టమును మేము నిందింపము. కాని ఒక్కటి తెలియుడు. మన కీయబడు ననుమతి మన వృత్తినిబట్టియు, తరతరముల వాసమునుబట్టియు వచ్చునది. దానిని అమ్ముకొన్ననాడు మన పక్కింటివాని వాదమును కూడ మనమే బలహీనపఱచినవారమగుదుము. "వీరికి ఇండ్లు కావలయునా, అమ్ముకొనుటకు స్థలములు కావలయునా?" యని అధికారి యడిగిన ప్రశ్నకు మన పల్లె యంతయు నొక్క జవాబే చెప్పగలిగియుండవలెను.

పెండ్లి ఖర్చులు తగ్గించుకొనవలెనని మన సభలు ఏటేట గావించు తీర్మానమునకును, తీరమందలి మన ఇండ్లకును ఇంతటి సంబంధము కలదని మేము మునుపెఱుగము. నేడెఱిగితిమి.

మహాజనులారా! మన తాతలు చుక్కలను చూచి దారి కనుగొనిరి. గాలి వాసననుబట్టి తుపానును పసికట్టిరి. ఆ నేర్పు మన రక్తమునందున్నది. పటమును చదువుట, అర్జీని వ్రాయుట, రసీదును దాచుట, ఇవి అంతకంటె కష్టమైన విద్యలు గావు. తాటాకు పందిరి క్రింద పుట్టిన బిడ్డ తన సొంత పేర అనుమతి గల యింటిలో, వలలారబెట్టు దిబ్బ కనుచూపు మేరలో నుండగా, నిర్భయముగ నిద్రించుట మన కోరిక. అది గొంతెమ్మ కోరిక గాదు. చట్టమందే అందుకు తావు కలదు. ఆ తావును నిండించుట మన పని.

వచ్చు సంవత్సరపు మహాసభనాటికి పల్లెకొక కాగితముల పెట్టె యేర్పడినదని కార్యదర్శిగారి నివేదికలో వినవలెనని మా యాశ. 

శుభమస్తు.